జీడి పిక్కల మెషిన్‌లో ఎథిక్స్ ఎక్కడ పెట్టాలి: ఒక ప్రశ్నకు నా సమాధానం

ఒడిశాలోని గుణుపూర్‌లో మెకానికల్ ఫైనల్ ఇయర్ చదువుతున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "మేం నలుగురం ప్రాజెక్టుగా జీడి పిక్కలు కొట్టే మెషిన్ చేస్తున్నాం. రిపోర్టులో నైతిక అంశాల మీద ఒక చాప్టర్ తప్పనిసరి అని మా గైడ్ అంటున్నారు. అందులో ఏం రాయాలి? అసలు డిజైన్ చేసేటప్పుడే ఎథిక్స్ గురించి ఆలోచిస్తూ కూర్చుంటే ఇది చెయ్యకూడదు, అది చెయ్యకూడదు అని ఉన్న ఐడియాలు కూడా ఆగిపోవా? క్రియేటివిటీకి అది బ్రేకు కాదా?"

నా పనంతా మెషిన్ డిజైన్‌లోనే గడిచింది. మొదట విశాఖలో ప్రెస్ టూల్స్ చేసేవాణ్ణి. తర్వాత పర్లాకిమిడి వచ్చి ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు పెట్టుకున్నాను. చుట్టుపక్కల జీడి షెడ్లకు, రైస్ మిల్లులకు, చోళ్లు (రాగులు) పండించే కొండ ఊళ్ల రైతులకు కావలసినవి చేసి ఇస్తుంటాం. ఈ ప్రశ్న మీద నాకు చాలా గట్టి అభిప్రాయం ఉంది కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. బ్రేకు కాదు. కాకపోతే ఆ ఆలోచన ఎప్పుడు చేస్తారన్న దాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. డ్రాయింగ్ పూర్తయి, మెటీరియల్ కొనేశాక ఎథిక్స్ గుర్తొస్తే మీ చేతిలో మిగిలేది "కూడదు"ల జాబితా ఒక్కటే. అప్పుడది అడ్డంగానే కనిపిస్తుంది. గీత గీయకముందే "ఈ పనిలో ఇప్పుడు ఎవరికి దెబ్బ తగులుతోంది, మా మెషిన్ వచ్చాక ఎవరికి తగులుతుంది" అని అడిగితే, మీరు పరిష్కరించాల్సిన సమస్యే మారిపోతుంది. సమస్య మారితే ఇంతకుముందు ఎవరికీ తట్టని దారులు కనిపిస్తాయి.

మీ సినాప్సిస్‌లో ఏముంటుందో నేను చెప్పగలను. గంటకు ఎన్ని కిలోలు కొట్టాలి, విరిగిన పప్పు ఎంత శాతం దాటకూడదు, తయారీ ఖర్చు ఎంతలో అవ్వాలి. ఈ మూడూ కావలసినవే. కానీ వీటితోనే మొదలుపెడితే మార్కెట్లో ఇప్పటికే ఉన్న మెషిన్‌నే కాస్త చిన్నదిగానో, కాస్త చవగ్గానో మళ్లీ గీస్తారు. ఈ మూడు ప్రశ్నలనూ మీకంటే ముందు ఎంతోమంది వేసుకున్నారు. అవే ప్రశ్నలకు అవే జవాబులు వస్తాయి.

కాబట్టి ముందు ఒక షెడ్డుకు వెళ్లండి. సరిహద్దు దాటి పలాస, కాశీబుగ్గ వెళ్తే జీడి ఫ్యాక్టరీలకు కొదవే లేదు. మన గజపతి జిల్లాలోనూ చిన్న షెడ్లున్నాయి. ఓనరు అనుమతి తీసుకోండి, పనిచేసే ఆడవాళ్ల అనుమతి విడిగా అడగండి. కూలి కిలో లెక్కన కాబట్టి మీతో మాట్లాడిన సేపు వాళ్ల సంపాదన పోతుంది. ఆ డబ్బు మీరు ఇవ్వండి. ప్రాజెక్టు ఖర్చులో మొదటి పద్దు అదే కావాలని నా అభిప్రాయం.

అక్కడ పని ఇలా సాగుతుంది. పిక్కను ముందు ఆవిరిలో ఉడికించి ఆరబెడతారు. ఆ తర్వాత ఒక్కో పిక్కనూ ఎడమ చేత్తో తీసి, వంపు తిరిగిన రెండు బ్లేడ్ల మధ్య సరిగ్గా కుదిరేలా పెడతారు. కాలితో పెడల్ తొక్కితే బ్లేడ్లు పెంకులోకి దిగుతాయి. లివర్ కదిపితే పెంకు రెండుగా విడిపోతుంది. లోపలి పప్పును చిన్న కత్తిమొనతో తీసి ఒక పక్కకు, పెంకును ఇంకో పక్కకు వేస్తారు. మళ్లీ ఇంకో పిక్క. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే. పెంకు లోపలి నూనె చాలా ఘాటైనది. అందులోని అనకార్డిక్ యాసిడ్, కార్డాల్ చర్మాన్ని కాల్చేస్తాయి. వేళ్లు నల్లబడతాయి, పొరలు పొరలుగా ఊడతాయి. అందుకే కూర్చోబోయే ముందు చేతులకు ఆముదమో బూడిదో పట్టించుకుంటారు.

వేళ్లకు నూనె తగలకూడదంటే గ్లౌజులు ఇస్తే సరిపోదా అని మీకు అనిపిస్తుంది. అందరికీ మొదట తట్టేది అదే. గ్లౌజు వేసుకుంటే పిక్క వేళ్లలో జారుతుంది, బ్లేడు మధ్య కుదురుగా కూర్చోదు, పప్పు విరుగుతుంది, వేగం తగ్గుతుంది. సాయంత్రానికి కూలి తగ్గుతుంది. అందుకని గంట తిరక్కుండానే గ్లౌజు పక్కన పెట్టేస్తారు. అది చూసి "వీళ్లకు సేఫ్టీ పట్టదు" అనే ఇంజనీర్లను చాలామందిని చూశాను. అది అన్యాయమైన మాట. వాళ్ల చేతికీ వాళ్ల కూలికీ మధ్య మనం పోటీ పెట్టాం, వాళ్లు పిల్లల తిండిని ఎంచుకున్నారు.

రెండో ఐడియా పూర్తి ఆటోమేటిక్ మెషిన్. చెయ్యి తగలదు నిజమే, కానీ ఆ మనిషే అక్కడ ఉండదు. ఈ చుట్టుపక్కల కొండ ఊళ్లలో చాలా ఇళ్లకు నెల గడిచేది ఆడవాళ్లు తెచ్చే ఆ కూలి మీదే. ఆటోమేటిక్ మెషిన్లు రాకూడదని నేననడం లేదు, పెద్ద ఫ్యాక్టరీల్లో వస్తూనే ఉన్నాయి. చిన్న షెడ్డు కోసం నలుగురు విద్యార్థులు చేస్తున్న మెషిన్ ఎవరికి ఉపయోగపడాలో ముందే తేల్చుకోమంటున్నాను.

ఇప్పుడు రెండు బాధ్యతలనూ ఒకే వాక్యంలో రాయండి: చేతికి నూనె తగలకూడదు, చేసే మనిషి కూలి తగ్గకూడదు. రెండూ కావాలి, ఒకదాని కోసం ఇంకోటి వదులుకోవడం లేదు అని ఒట్టు పెట్టుకోండి. సృజన అనేది మొదలయ్యే చోటు ఇదే. ఒకటి వదిలేసుకుంటే సమాధానం సులువుగా దొరుకుతుంది, కొత్తదేమీ పుట్టదు.

రెండూ పట్టుకుని కూర్చుంటే బుర్ర ఇలా పనిచెయ్యడం మొదలుపెడుతుంది. ఆ ఎడమ చెయ్యి అసలు ఏం చేస్తోంది? మూడు పనులు. పిక్కను తీయడం, వంపు ఎటుందో చూసి తిప్పడం, బ్లేడు మధ్య పెట్టడం. ఈ మూడింటిలో మనిషి కన్ను, అనుభవం నిజంగా కావలసింది రెండోదానికే. పిక్క మూత్రపిండం ఆకారంలో ఉంటుంది కదా, అతుకు గీత వెంబడి బ్లేడు దిగితేనే పప్పు నిండుగా వస్తుంది. తీయడం, పెట్టడం చెయ్యి తగలకుండానే చెయ్యొచ్చు. పిక్క ఆకారంలోనే గుంటలున్న ఒక ట్రే ఉంటే? చాటతో పిక్కలు పోసి ట్రేని కాస్త ఊపితే చాలా వరకు వాటంతటవే గుంటల్లో కూర్చుంటాయి, కూర్చోనివాటిని మాత్రం పొడుగు పుల్లతో సర్దొచ్చు. ట్రే గుంట తర్వాత గుంటగా బ్లేడు కిందికి జరగడానికి ఆ పెడల్‌నే వాడుకోవచ్చు. మోటారు అక్కర్లేదు. కొయ్యడం, విడదీయడం రెండూ ఒకే తొక్కుడులో అయ్యేలా లింకేజి, అంటే కడ్డీల జోడింపు, కుదిరితే లివర్ మీద చెయ్యి కూడా ఆదా అవుతుంది.

ఇది పనిచేస్తుందో లేదో ప్రోటోటైప్ (నమూనా మెషిన్) చేస్తే గానీ తెలియదు. ఇంకా మంచి దారులు మీకే తట్టొచ్చు. నేను చూపించాలనుకున్నది ఐడియా ఎక్కడ పుట్టిందన్నది. గంటకు ఎన్ని కిలోలు అన్న ప్రశ్నలోంచి గుంటల ట్రే రాదు.

ఆ వాక్యంలోని రెండో సగం, కూలి సంగతి, ఇంకో దారి చూపిస్తుంది. చాలాచోట్ల విరగని పప్పుకు ఒక లెక్క, బద్దకు, ముక్కకు ఇంకో లెక్క. డబ్ల్యూ 320 అనే గ్రేడు మీరు వినే ఉంటారు, అంటే పౌండుకు 300 నుంచి 320 దాకా నిండు పప్పులు తూగాలి. పప్పు విరిగితే ధర పడిపోతుంది, ఆ నష్టంలో కొంత చివరికి కొట్టిన మనిషి నెత్తినే పడుతుంది. విరగడానికి పెద్ద కారణం చిన్న పిక్క, పెద్ద పిక్క కలిసి రావడం. బ్లేడు ఎడం ఒక్కటే, పిక్కలు రకరకాలు. అంటే మెషిన్ తప్పుకు మనిషి జీతం కోస్తున్నామన్న మాట. ఇది న్యాయం కాదు అని ఒక్కసారి గట్టిగా అనుకుంటే మీ ప్రాజెక్టులో ఇంకో భాగం చేరుతుంది: కొట్టడానికి ముందు సైజులవారీగా వేరుచేసే చిల్లుల డ్రమ్ము. చేత్తో తిప్పేదైనా చాలు. ఎడం మార్చుకోవడానికి బ్లేడు దగ్గర చిన్న స్క్రూ, దాని పక్కన సైజుకో రంగు గుర్తు.

రంగు గుర్తు అనడానికి కారణం ఉంది. మన షెడ్లలో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్లు పక్కపక్కనే కూర్చుని పనిచేస్తారు. చదువు రానివాళ్లూ ఉంటారు. మీరు ఇంగ్లీషులో "అడ్జస్ట్ బ్లేడ్ గ్యాప్" అని స్టిక్కరు అతికిస్తే అది మీ గైడ్ కోసం అతికించినట్టే. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను సవర నేర్చుకున్నారు, ఆ తర్వాతే పుస్తకాలు తయారుచేశారు. అంత పెద్దాయన తిరిగిన ఊళ్లలో మెషిన్ పెడుతున్నాం, కనీసం అది వాడే మనిషికి అర్థమయ్యే గుర్తులు పెట్టడం మన పని.

పెడల్ సంగతి కూడా చెప్పాలి. రోజంతా ఒకే కాలు తొక్కుతుంది. సాయంత్రానికి మోకాలు పట్టేస్తుంది. పెడల్‌ను కుడికీ ఎడమకీ మార్చుకునేలా రెండు పక్కలా బుష్షులు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. స్టూలు ఎత్తు మార్చుకునేలా ఉండాలి. మగ విద్యార్థులు తమ ఎత్తుకు సరిపోయేలా ఫ్రేము గీసేసి, దాన్ని "స్టాండర్డ్" అనడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. వెళ్లి కొలవండి, చీర కట్టుకుని కూర్చున్నప్పుడు కాలు ఎంత దూరం చాపగలుగుతారో కొలవండి. కదిలే భాగాల దగ్గర కొంగు చిక్కుకునే సందు లేకుండా చూడండి.

ఇక పెంకులు. చిన్న షెడ్లలో వాటిని పొయ్యిలో కాలుస్తారు, ఆ ఘాటైన పొగ షెడ్డులోనే కాదు, పక్కిళ్లలోనూ కమ్ముకుంటుంది. ఆ పొగ పీల్చేవాళ్లెవరూ మీ మెషిన్ కొనరు, మీతో మాట్లాడనూ మాట్లాడరు. అయినా మీ డిజైన్ వాళ్లను తాకుతోంది. పెంకు బరువులో దాదాపు పావు వంతు నూనే, వాహనాల బ్రేకు లైనింగుల్లో, పెయింట్లలో, రెజిన్లలో దానికి గిరాకీ ఉంది. పెంకు, పప్పు కలవకుండా విడివిడిగా పడే రెండు చ్యూట్లు (జారుడు దారులు) పెడితే పెంకులు శుభ్రంగా పోగవుతాయి, నూనె తీసేవాళ్లకు అమ్ముకోవచ్చు. పక్కింటివాళ్ల ఊపిరి గురించి అడిగితే షెడ్డు ఓనరుకు ఇంకో ఆదాయం కనిపించింది. ప్రతిసారీ ఇలా కలిసొస్తుందని చెప్పను గానీ, మీరు అనుకునేదానికంటే ఎక్కువసార్లే కలిసొస్తుంది.

ఇదంతా ఒక్క జీడి షెడ్డుకే పరిమితమైన విషయం కాదు. మన దేశంలో ఇంజనీర్లు గర్వంగా చెప్పుకునే పనులు కొన్ని చూడండి.

హరిత విప్లవం రోజుల్లో పంజాబ్, హర్యానా వైపు పవర్ థ్రెషర్లు, అంటే పంట నూర్చే యంత్రాలు, విపరీతంగా వచ్చాయి. వాటితో పాటు చేతులు తెగిపోవడమూ పెరిగింది. పంట కట్టను లోపలికి తోస్తుంటే చెయ్యి కూడా వెళ్లిపోయేది. ఎక్కువగా కూలీలవే ఆ చేతులు. "జాగ్రత్త" అని బోర్డు రాయడం ఒక దారి. అసలు ఎంత జాగ్రత్త తప్పినా చెయ్యి డ్రమ్ముకు అందకుండా చెయ్యడం ఇంకో దారి. భారతీయ ప్రమాణం ఐఎస్ 9020 రెండో దారి పట్టింది. కట్టలు వేసే చ్యూట్ కనీసం 900 మిల్లీమీటర్ల పొడవుండాలి, అందులో డ్రమ్ము వైపు 450 మిల్లీమీటర్లు పైన మూసి ఉండాలి. ఆ అంకెలకు ఆధారం మనిషి చెయ్యి పొడవు. 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం కూడా వచ్చింది. ఒక కూలీ చెయ్యి పోకూడదన్న పట్టుదల డ్రాయింగ్ మీద ఒక కొలతగా మారింది చూడండి, డిజైనర్‌కు ఇంతకంటే మంచి పని ఏముంటుంది?

బోరింగు సంగతి మీకు ఇంకా దగ్గరగా తెలుసు. మన కొండ ఊళ్లలో ఇప్పటికీ చాలామంది నీళ్లు కొట్టుకునేది దాంట్లోనే. మొదట్లో వాడిన పోత ఇనుప పంపులు ఒక కుటుంబం ఇంటి దగ్గర వాడుకోవడానికి చేసినవి. ఊరంతా పొద్దున్నుంచి రాత్రి దాకా కొడితే త్వరగా విరిగిపోయేవి. మహారాష్ట్రలోని షోలాపూర్‌లో తయారైన గట్టి స్టీలు పంపు ఆధారంగా, యునిసెఫ్ తోడ్పాటుతో 1970లలో ఇండియా మార్క్ 2 వచ్చింది. అది విరగడం తగ్గింది. కానీ లోపలి వాషర్లు అరిగితే మార్చడానికి పైపులన్నీ పైకి లాగాలి, అంటే బ్లాకు నుంచి మనుషులు, పనిముట్లు, బండి రావాలి. వచ్చేదాకా ఊరు చెలమల నీళ్లే తాగాలి. "పంపు చెడితే ఊరు ఎవరి దయ మీద ఆధారపడాలి?" అన్నది నైతిక ప్రశ్నే. దానికి మార్క్ 3 ఇచ్చిన జవాబు ఇంజనీరింగ్ జవాబు. నీటి పైపును 65 మిల్లీమీటర్లకు పెంచారు, దాంతో పిస్టన్‌ను, కింది వాల్వును ఆ పైపులోంచే పైకి లాగొచ్చు. పైపులు కదపక్కర్లేదు. కొంచెం నేర్పితే ఊళ్లోవాళ్లే రిపేరు చేసుకోగలరు. మీ మెషిన్‌కి కూడా ఇదే ప్రశ్న వేసుకోండి. బ్లేడు మొండిబారితే గుణుపూర్ బజారులో లేతు షాపువాడు పదును పెట్టగలడా, లేక కోయంబత్తూరు నుంచి తెప్పించాలా?

జైపూర్ కాలు గురించి రెండు ముక్కలు. విదేశాల నుంచి వచ్చిన కృత్రిమ పాదం బూటు తొడుక్కుని నడిచేవాళ్ల కోసం చేసింది. మనవాళ్లకు బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, గొంతుక్కూర్చోవాలి, వట్టికాళ్లతో పొలంలో నడవాలి. రామచంద్ర శర్మ అనే శిల్పకారుడు, డాక్టర్ పీ.కే. సేథీ కలిసి రబ్బరుతో అన్ని పక్కలా వంగే పాదం చేశారు. సేథీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. అలాగే మన తెలుగువాడు, ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం. ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడానికి, వేలసార్లు చెయ్యి చాపి చాపి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆసు యంత్రం తయారుచేశాడు, దానికి ఆమె పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన్ని ముందుకు నడిపించింది ఏ స్పెసిఫికేషనూ కాదు, తల్లి బాధ.

రెండు బాధ్యతలు ఢీకొన్నప్పుడు ఏమవుతుందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ మాత్రం నెదర్లాండ్స్‌ది. 1953 ఫిబ్రవరిలో సముద్రం పొంగి అక్కడ 1,836 మంది చనిపోయారు. ఇంకెప్పుడూ అలా జరగకూడదని సముద్రపు పాయలను ఆనకట్టలతో మూసేయడానికి పూనుకున్నారు. తూర్పు షెల్ట్ పాయ దగ్గరికి వచ్చేసరికి జాలర్లు, ప్రకృతి ప్రేమికులు అడ్డుపడ్డారు. ఉప్పునీటి ఆటుపోట్లు ఆగిపోతే అక్కడి ఆల్చిప్పలు, వాటి మీద బతికే జనం అందరూ పోతారు. ఒక పక్క ప్రాణాలు, ఇంకో పక్క బతుకుతెరువు, జీవజాలం. రెండూ న్యాయమైనవే. మూసేద్దామా, వదిలేద్దామా అనే రెండు మాటల దగ్గరే ఆగిపోయి ఉంటే ఎవరో ఒకరు నష్టపోయేవారు. ఇంజనీర్లు మూడో దారి వెతికారు. పెద్ద స్తంభాల మధ్య 62 స్టీలు గేట్లు పెట్టారు. మామూలు రోజుల్లో అవి తెరిచే ఉంటాయి, సముద్రం లోపలికీ బయటికీ వస్తూ పోతూ ఉంటుంది. తుపాను వస్తే దింపేస్తారు. 1986లో ప్రారంభమైంది. మామూలు ఆనకట్ట కంటే చాలా ఎక్కువ ఖర్చయింది, ఆ సంగతి దాచక్కర్లేదు. కానీ అంత పెద్ద గేట్ల కట్టడం అంతకుముందు ప్రపంచంలో లేదు. జాలర్ల అభ్యంతరాన్ని అడ్డంకిగా కొట్టిపారేసి ఉంటే అది పుట్టేది కాదు.

మీ అనుమానంలో నిజం లేకపోలేదు, అదీ చెప్తాను. ఎథిక్స్ కొన్ని ఐడియాలను నిజంగానే ఆపుతుంది. గార్డు (చెయ్యి లోపలికి పోకుండా పెట్టే అడ్డు) తీసేస్తే తప్ప వేగం రాదంటే ఆ డిజైన్‌ని వదిలేయాలి, అంతే. దాని గురించి బాధపడొద్దు. అలాగే మంచి మనసు ఉంటే చాలదు. బ్లేడు ఎంత వంపు, ఎంత లోతు దిగాలి, లింకేజిలో బలం ఎంత పడుతుంది, ఇవన్నీ లెక్క కట్టాల్సిందే. లెక్క తప్పిన మంచి ఉద్దేశం పప్పును ముక్కలు చేస్తుంది, ముక్కల నష్టం మళ్లీ ఆ కొట్టే అమ్మ మీదే పడుతుంది.

ఇంకో జాగ్రత్త. సేఫ్టీ అనేది మెషిన్‌కి తగిలించిన వస్తువైతే జనం దాన్ని పీకేస్తారు. రేకును నొక్కి ఆకారం తెచ్చే ప్రెస్ షాపుల్లో రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే స్ట్రోక్ (ఒక దెబ్బ) పడేలా పెడతారు, చేతులు డైలో (అచ్చులో) ఉండవని. పీస్ రేటు మీద, అంటే ఎన్ని చేస్తే అంత కూలికి, పనిచేసేవాళ్లు ఒక బటన్‌ను టేపుతో నొక్కిపెట్టి, ఒక చేత్తో నడిపించడం నేను చాలా చోట్ల చూశాను. దీనికి తిట్లు జవాబు కాదు. ప్రతి స్ట్రోక్‌కీ రెండు బటన్లూ వదిలి, దాదాపు అర సెకను తేడాలో మళ్లీ రెండూ నొక్కితేనే కదిలేలా సర్క్యూట్ పెట్టొచ్చు, ఇప్పుడు మంచి కంట్రోళ్లన్నీ అలాగే వస్తున్నాయి. కానీ దానికంటే ముందు అడగాల్సింది, ఆ మనిషి టేపు ఎందుకు వేశాడు అని. ఎక్కువసార్లు జవాబు, రెండు బటన్లు దూరంగా, భుజం ఎత్తులో ఉన్నాయి, సాయంత్రానికి చేతులు లాగేస్తున్నాయి అని వస్తుంది. బటన్లను మోచెయ్యి ఎత్తుకు తెస్తే సగం సమస్య తీరుతుంది. మీ మెషిన్‌లో బ్లేడు గార్డు ఉంటే అది తెరవకుండానే లోపల శుభ్రం చేసుకునేలా ఉండాలి. శుభ్రం చెయ్యడం కష్టమైన గార్డు రెండో రోజు మూలన పడి ఉంటుంది.

మోటారు పెట్టాలనే నిర్ణయిస్తే ఒక్కటి మర్చిపోవద్దు. మన వైపు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. కరెంటు పోయాక ఇరుక్కున్న పిక్క తీద్దామని చెయ్యి పెట్టిన క్షణంలో తిరిగి వస్తే? నో వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరే పెట్టండి, కరెంటు వచ్చినా మనిషి వచ్చి స్టార్ట్ నొక్కేదాకా మెషిన్ కదలదు. డబ్బు మిగులుతుందని మామూలు స్విచ్ పెట్టే పని చెయ్యొద్దు.

ఇక మీ చాప్టర్ విషయం. గైడ్‌గారు అడిగింది ఇవ్వాలి కదా, ఇవ్వండి. కానీ "పర్యావరణాన్ని కాపాడతాం, భద్రతకు ప్రాధాన్యం ఇస్తాం" లాంటి మాటలతో రెండు పేజీలు నింపొద్దు, అవి ఏ మెషిన్‌కైనా సరిపోతాయి. మీరు తీసుకున్న ఒక్కో డిజైన్ నిర్ణయం పక్కన అది ఎవరిని దృష్టిలో పెట్టుకుని తీసుకున్నారో, దానికి బదులు ఏం వదులుకున్నారో రాయండి. పెడల్ రెండు పక్కలా ఎందుకు, గుంటల ట్రే ఎందుకు, ఏ ఐడియా ఎందుకు పక్కన పెట్టేశారు. షెడ్డులో ఆడవాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయండి, పేర్లు వద్దు. మీకూ వాళ్లకూ అభిప్రాయం కలవని చోటు ఉంటే అదీ రాయండి. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ దాని మీదే ఎక్కువసేపు అడుగుతారు, మీ దగ్గర చెప్పడానికి సరుకుంటుంది.

ప్రోటోటైప్ అయ్యాక టెస్ట్ మీరు చెయ్యొద్దు. మీ వేళ్లకు అలవాటు లేదు కాబట్టి మీ రీడింగులకు విలువ లేదు. రోజూ పిక్కలు కొట్టే ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి, ఆ రోజు కూలి పూర్తిగా కట్టివ్వండి, మీరు పక్కన నిలబడి చూడండి. వాళ్లు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ ట్రేని వదిలేసి చేత్తోనే పిక్క పెట్టేస్తున్నారు, అది రాసుకోండి. చేత్తో పెట్టిన ప్రతిచోటా మీ డిజైన్‌లో ఇంకా పని మిగిలి ఉన్నట్టు. బ్లేడు సెట్టింగులో ఇబ్బంది వస్తే డ్రాయింగ్ తీసుకుని మా వర్క్‌షాపుకు రండి, లేతు ఖాళీగా ఉన్న రోజు చూసి కలిసి సరిచేద్దాం. రెండు సైజుల పిక్కలు, ఉడికించి ఆరబెట్టినవి, ఒక్కో కిలో వెంట తెచ్చుకోండి.